కూర్చుని తింటే ఎముకలూ కరుగుతాయి

(నెలల తరబడి అంతరిక్షంలో ఉండేవాళ్ల ఆరోగ్యం గురించి)

2025 మార్చి 19, మన టైమ్ ప్రకారం తెల్లవారుజాము. ఫ్లోరిడా తీరం దగ్గర సముద్రంలో ఒక క్యాప్సూల్ పారాచూట్లతో దిగింది. సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్, వాళ్లతోపాటు ఇంకో ఇద్దరు అందులోంచి బయటికొచ్చారు. వారం పది రోజుల్లో తిరిగి రావాల్సిన సునీత, విల్మోర్ 286 రోజులు పైనే ఉండిపోయి వచ్చారు. ఆ వీడియో మనలో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు. చూసినవాళ్లకి ఒక సందేహం కూడా వచ్చి ఉంటుంది. నవ్వుతూ చెయ్యి ఊపుతున్న మనిషిని నడవనివ్వకుండా స్ట్రెచర్ మీద ఎందుకు తీసుకెళ్లారు? ఏమైనా జబ్బు చేసిందా?

జబ్బేమీ కాదు. చాలా రోజులు బరువు తెలియకుండా గడిపిన ఒంటిని మళ్లీ బరువున్న చోటికి తెచ్చినప్పుడు అందరికీ చేసే ఏర్పాటే అది. బరువు లేకపోవడం ఒంటిని ఏం చేస్తుంది, దానికి వాళ్లు చేసుకునే కాపలా ఏమిటి, అందులో మనకి పనికొచ్చేది ఏముంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

తేలడం అంటే పడిపోతూ ఉండడమే

అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదని చాలామంది అనుకుంటారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మనకి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. అక్కడ భూమి ఆకర్షణ ఇక్కడున్నదాంట్లో దాదాపు 90 శాతం ఉంటుంది. మరి ఎందుకు తేలుతారు? ఆ కేంద్రం, అందులో ఉన్న మనుషులు, సామాన్లు అన్నీ కలిసి భూమి వైపు ఎప్పుడూ పడిపోతూనే ఉంటాయి. కాకపోతే గంటకి 28,000 కిలోమీటర్ల వేగంతో పక్కకి పోతూ ఉంటాయి కాబట్టి నేలకి తగలకుండా భూమి చుట్టూ తిరుగుతుంటాయి. జాతరలో జెయింట్ వీల్ పైనుంచి కిందికి వస్తున్నప్పుడు కడుపులో ఏదో తేలినట్టు అవుతుంది కదా, ఆ ఒక్క క్షణం నెలల తరబడి సాగితే ఎలా ఉంటుందో అలాగన్నమాట.

వినడానికి సరదాగానే ఉంది. కానీ మన ఒళ్లు తయారైంది బరువు మోయడానికి. నిలబడితే తొడ ఎముక మోస్తుంది, మెట్లు ఎక్కితే పిక్క కండరం లాగుతుంది, పడుకుని లేస్తే రక్తం కాళ్లలోకి జారిపోకుండా గుండె, రక్తనాళాలు పనిచేస్తాయి. ఇవన్నీ మనకి తెలియకుండా రోజంతా జరిగే పనులు. పైకి వెళ్లాక ఈ పనులు ఒక్కసారిగా ఆగిపోతాయి.

ఒంటి పొదుపు

మన శరీరం చాలా పొదుపుగల ఇల్లాలు లాంటిది. వాడని వస్తువుని ఇంట్లో ఉంచదు. ఎముక అంటే గట్టిపడిపోయిన సున్నం కాదు, జీవమున్న పదార్థం. అందులో పాతదాన్ని తవ్వేసే కణాలు ఉంటాయి, కొత్తదాన్ని కట్టే కణాలు ఉంటాయి. నడక, బరువు, అదురు ఉన్నంతకాలం రెండు పనులూ సమానంగా సాగుతాయి. బరువు పోగానే తవ్వడం జోరందుకుంటుంది, కట్టడం వెనకబడుతుంది. సరైన కసరత్తు లేకపోతే తుంటి లాంటి బరువు మోసే ఎముకలు నెలకి 1 నుంచి 1.5 శాతం సాంద్రత కోల్పోతాయి. ఇక్కడ పెద్దవయసువాళ్లకి ఇంచుమించు అంత నష్టం రావడానికి ఏడాది పడుతుంది. కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయని మన పెద్దవాళ్లు ఆస్తి గురించి అన్నారు కానీ, ఎముకకి కూడా అదే వర్తిస్తుంది. కరిగిన కాల్షియం ఊరికే పోదు. మూత్రంలోకి చేరి కిడ్నీలో రాళ్లకి దారి తీయొచ్చు.

కండరాల సంగతీ అంతే. 1970 జూన్‌లో సోవియట్ వ్యోమగాములు నికొలాయెవ్, సెవస్త్యానోవ్ సోయజ్-9లో 18 రోజులు గడిపి వచ్చారు. ఇరుకైన ఆ నౌకలో కసరత్తుకి పెద్దగా వీలు లేదు. దిగాక వాళ్లు సొంతంగా నిలబడి నడవలేకపోయారు, మోసుకెళ్లాల్సి వచ్చింది. 18 రోజులకే ఇలా అయితే నెలలు ఎలా? ఆ దెబ్బతోనే వ్యాయామం అనేది అంతరిక్షంలో ఖాళీ టైమ్‌లో చేసే పని కాదని, మందులాంటిదని అందరికీ అర్థమైంది.

మూడోది రక్తం, నీరు. పైన కిందికి లాగేది లేకపోవడంతో కాళ్లలో ఉండాల్సిన ద్రవం తలవైపు చేరుతుంది. మొహం ఉబ్బుతుంది, ముక్కు జలుబు చేసినట్టు మూసుకుపోతుంది, కాళ్లు సన్నబడతాయి. నీళ్లు ఎక్కువయ్యాయని ఒళ్లు పొరబడి బయటికి పంపేస్తుంది. మొత్తం రక్తం పరిమాణమే తగ్గిపోతుంది. ఇక భూమికి దిగి నిలబడగానే ఉన్న కాస్త రక్తం కాళ్లలోకి జారి కళ్లు తిరుగుతాయి. అందుకే బయలుదేరే ముందు ఉప్పు కలిసిన ద్రవాలు బాగా తాగుతారు, కాళ్లని గట్టిగా పట్టి ఉంచే బట్టలు వేసుకుంటారు. దిగాక స్ట్రెచర్ ఎక్కించేదీ ఇందుకే. పైగా చెవిలో మన తూకం చూసే భాగానికి పైకేది, కిందికేది అన్నది మళ్లీ నేర్చుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది.

60 రోజులు మంచం దిగని 24 మంది

ఇవన్నీ పరీక్షించాలంటే అందరినీ పైకి పంపలేరు కదా. దానికి నేల మీదే ఒక ఉపాయం ఉంది. తలవైపు 6 డిగ్రీలు కిందికి వంచిన మంచం మీద మనిషిని వారాల తరబడి పడుకోబెడతారు. ద్రవం తలవైపు చేరుతుంది, కాళ్లకి పని ఉండదు. అంతరిక్షంలో జరిగేదానికి ఇది చాలా దగ్గరి నకలు.

ఇలాంటి పరీక్షలు చాలాకాలం ఎక్కువగా మగవాళ్ల మీదే జరిగాయి. 2005లో ఫ్రాన్సులోని తులూజ్ నగరంలో 24 మంది ఆడవాళ్లు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. ఐరోపా, అమెరికా, కెనడా, ఫ్రాన్సు అంతరిక్ష సంస్థలు కలిసి చేసిన పని ఇది. వాళ్లు 60 రోజులు ఆ వంచిన మంచం మీదే ఉన్నారు. తిండి, స్నానం, చదువుకోవడం అన్నీ పడుకునే. లేచి కూర్చోవడం కూడా లేదు.

వాళ్లని ఎనిమిదిమంది చొప్పున మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి ఏమీ ఇవ్వలేదు. రెండో జట్టుకి ప్రొటీన్ ఎక్కువగా ఉన్న ఆహారం పెట్టారు. మూడో జట్టు చేత పడుకున్నచోటే కసరత్తు చేయించారు. కాళ్లతో బరువు తొయ్యడం, నడుము కింది భాగాన్ని గాలి పీల్చేసే పెట్టెలో ఉంచి, గోడలా నిలబెట్టిన ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తడం లాంటివి.

ఫలితం ఏమైంది? ఏమీ చేయని జట్టుకి తొడ కండరం ఇంచుమించు ఐదో వంతు తగ్గిపోయింది. కసరత్తు చేసినవాళ్లకి తొడ కండరం దాదాపు అలాగే నిలిచింది. ఆశ్చర్యం కలిగించింది రెండో జట్టు. ప్రొటీన్ అంత తిన్నా కండరం నిలవలేదు. తిండి ఇటుకల్లాంటిది అనుకుందాం. ఇటుకలు ఎన్ని తెచ్చి పోసినా గోడ కట్టే మేస్త్రీకి పని చెప్పాల్సింది కదలికే. పేర్లు పేపర్లకి ఎక్కని ఆ 24 మంది రెండు నెలలు పడుకుని ఈ సంగతి ప్రపంచానికి తేల్చి చెప్పారు.

బరువు లేని చోట బరువులెత్తడం

ఇప్పుడు అంతరిక్ష కేంద్రంలో ఉండేవాళ్లకి రోజుకి దాదాపు రెండున్నర గంటలు వ్యాయామానికి కేటాయిస్తారు. సామాన్లు సర్దుకునే టైమ్, ఒళ్లు తుడుచుకునే టైమ్ అందులోదే. ఆఫీసు పని ఎక్కువుందని మానేయడానికి లేదు.

అక్కడ ఇనప గుండ్లు ఎత్తితే ఉపయోగం లేదు, వాటికీ బరువు ఉండదు. అందుకని 2008లో పంపిన యంత్రంలో గాలి తీసేసిన సిలిండర్లు పెట్టారు. లోపల శూన్యం ఉన్న సిలిండర్ పిస్టన్‌ని లాగాలంటే బలం కావాలి. ఆ బలాన్నే బరువుగా వాడుకుంటారు. దాంతో 270 కిలోల దాకా ఎత్తినంత పని ఒంటికి పెట్టొచ్చు. ట్రెడ్‌మిల్ మీద తేలిపోకుండా భుజాలకి, నడుముకి పట్టీలు కట్టుకుని సాగే తాళ్లతో కిందికి లాగించుకుంటారు. 2007 ఏప్రిల్‌లో సునీత ఇలా కట్టుకునే బోస్టన్ మారథాన్ దూరం మొత్తం పరుగెత్తారు, 4 గంటల 24 నిమిషాల్లో. ఇంకా వెనక్కి వెళితే, 1984లో మన రాకేశ్ శర్మ సాల్యూట్-7లో యోగాసనాలు వేసి, భారరహిత స్థితిలో అవి ఎంతవరకు ఉపయోగపడతాయో పరీక్షించారు.

ఈ కొత్త యంత్రం వచ్చాక, దానికి తోడు సరిపడా తిని, విటమిన్ డి తీసుకున్నవాళ్ల ఎముక సాంద్రత చాలావరకు నిలిచిందని 2012లో వచ్చిన నివేదిక చెప్పింది. అంటే గెలిచేశామా? పూర్తిగా కాదు. 2022లో 17 మందిని పరిశీలించిన ఇంకో అధ్యయనంలో, దిగి ఏడాది గడిచినా 9 మందికి కాలి ఎముక పాత స్థితికి రాలేదని తేలింది. ఆరు నెలలకి మించి ఉన్నవాళ్లకి నష్టం ఎక్కువ.

తిండి: మైసూరు నుంచి, ధార్వాడ నుంచి

పైన ఎండ తగలదు. కిటికీ అద్దాలు అతినీలలోహిత కిరణాలని ఆపేస్తాయి కాబట్టి విటమిన్ డి మాత్రలు తప్పనిసరి. ఉప్పు ఎక్కువైతే కాల్షియం మూత్రంలో ఇంకా ఎక్కువ పోతుంది కాబట్టి డబ్బా ఆహారాల్లో ఉప్పు తగ్గించారు. ముక్కు మూసుకుపోయి రుచి సరిగా తెలియదు కాబట్టి చాలామంది కారం, మసాలా అడుగుతారట. మన ఊరగాయ ఉంటే బాగుండేదని ఎవరికైనా అనిపిస్తే తప్పులేదు!

ఈ విషయంలో మన కర్ణాటకకి మంచి వాటా ఉంది. రాకేశ్ శర్మతో వెళ్లిన భారతీయ వంటకాలు మైసూరులోని రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాలలో తయారైనవే. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పుడు, ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ప్రయోగం కోసం పెసలు, మెంతులు పైన మొలకెత్తించారు. కండరం మళ్లీ ఎలా కట్టుకుంటుందో చూసే ఇంకో ప్రయోగం బెంగళూరులోని ఇన్‌స్టెమ్ సంస్థది. గగన్‌యాన్ వ్యోమగాముల వైద్య పరీక్షలు జరిగిందీ బెంగళూరులోని వైమానిక వైద్య సంస్థలోనే.

డాక్టర్ లేని చోట

ఆరు నెలలు ఉండివచ్చిన కొందరికి చూపు మసకబారింది. ఏడుగురి కళ్లని పరీక్షించి 2011లో ఒక నివేదిక ప్రచురించారు. కంటి వెనక భాగం కాస్త చదునవడం, కంటి నరం మొదలు వాయడం కనిపించాయి. తలవైపు చేరిన ద్రవమే దీనికి ముఖ్య కారణం కావచ్చని అనుమానం. అందుకే ఇప్పుడు వేరే పవర్ కళ్లద్దాలు కూడా వెంట పంపుతారు.

ఇంకో సంఘటన 2020లో వైద్య పత్రికలో వచ్చింది. పేరు చెప్పని ఒక వ్యోమగామి, పైకెళ్లి రెండు నెలలైంది. పరిశోధన కోసం మెడకి అల్ట్రాసౌండ్ తీసుకుంటుంటే మెడ సిరలో రక్తం గడ్డకట్టినట్టు బయటపడింది. నొప్పి లేదు, లక్షణం లేదు. కేంద్రంలో రక్తాన్ని పలుచన చేసే ఇంజెక్షన్లు ఉన్నాయి కానీ కొద్దిగానే. భూమ్మీద డాక్టర్లు లెక్కపెట్టి, మోతాదు సర్ది, సరుకుల నౌకలో మాత్రలు వచ్చేదాకా ఆ ఇంజెక్షన్లతోనే నెట్టుకొచ్చారు. సూది పొడుచుకున్నదీ, స్కాన్ తీసుకున్నదీ ఆ మనిషే. భూమ్మీది రేడియాలజిస్టు చూస్తూ చెబుతుంటే చేశారు. క్షేమంగా దిగారు.

అదృష్టం ఏమిటంటే అది 400 కిలోమీటర్ల దూరం. మాట వెంటనే అందుతుంది, మందు నెలన్నరలో అందింది. అంగారక గ్రహం దగ్గరైతే? ఇక్కడి నుంచి ఒక మాట చేరడానికే, ఆ గ్రహం ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి, 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. జవాబు రావడానికి మళ్లీ అంతే. మందు పంపడం మాటే లేదు. వెళ్లి రావడానికి దాదాపు మూడేళ్లు.

ఆడవాళ్ల లెక్క

అంతరిక్షంలో ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు ఎవరి శరీరాన్ని కొలతగా పెట్టుకున్నారన్నది కూడా చూడాలి. 1983లో శాలీ రైడ్ వారం రోజుల ప్రయాణానికి సిద్ధమవుతుంటే, నెలసరికి 100 టాంపన్లు సరిపోతాయా అని ఇంజనీర్లు అడిగారని ఆవిడే తర్వాత చెప్పారు. తెలివైనవాళ్లే, కానీ ఇంట్లో అక్కనో చెల్లినో అడిగినా తెలిసే సంగతి. 2019 మార్చిలో ఇద్దరు మహిళలు కలిసి చేయాల్సిన అంతరిక్ష నడక ఆగిపోయింది. ఇద్దరికీ సరిపోయే మీడియం సైజు సూటు పైభాగం సిద్ధంగా ఒకటే ఉంది. అదే ఏడాది అక్టోబరు 18న క్రిస్టినా కోచ్, జెస్సికా మేయర్ ఆ నడక పూర్తిచేశారు. కోచ్ ఆ ప్రయాణంలో 328 రోజులు పైన ఉన్నారు.

రేడియేషన్ సంగతి ఇంకా పెద్దది. ఇక్కడ మనకి ప్రకృతి నుంచి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ తగులుతుంది. అంతరిక్ష కేంద్రంలో రోజుకే అర మిల్లీసీవర్ట్‌కి పైన. అంటే మన ఏడాది వాటా వాళ్లకి ఐదు రోజుల్లోపే అయిపోతుంది. ఇదివరకు నాసా పరిమితి వయసుని బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి మారేది. ఆడవాళ్లకి తక్కువ పరిమితి. కాపాడటానికే పెట్టినా, దానివల్ల వాళ్లకి పైన గడిపే రోజులు తగ్గిపోయేవి. 2022లో అందరికీ ఒకటే పరిమితి పెట్టారు: ఉద్యోగ జీవితం మొత్తానికి 600 మిల్లీసీవర్ట్‌లు. కానీ క్యూరియాసిటీ నౌక అంగారకుడికి వెళ్తూ దారిలో కొలిచిన లెక్క ప్రకారం, వెళ్లి రావడానికే సుమారు 660 అవుతుంది. అక్కడ దిగి ఉండే రోజులు అందులో కలపలేదు. ఈ ముడి ఇంకా విడలేదు.

మనసు కూడా ఒళ్లే

రోజుకి 16 సూర్యోదయాలు చూసే చోట నిద్ర ఎప్పుడు పోవాలో ఒంటికి తెలియదు. అందుకని దీపాల రంగు, కాంతి మారుస్తూ పగలు రాత్రి సృష్టిస్తారు. అవే నాలుగు మొహాలు, అవే గోడలు నెలల తరబడి చూడటం ఇంకో పరీక్ష. 2010-11లో మాస్కోలో ఆరుగురు 520 రోజులు మూసిన గదుల్లో ఉండి అంగారక ప్రయాణాన్ని అభినయించారు. 2024 జులైలో హ్యూస్టన్‌లో నలుగురు అలాంటిదే 378 రోజులది ముగించి బయటికొచ్చారు. దానికి కమాండర్ ఒక మహిళ, కెల్లీ హేస్టన్.

అయినా ధైర్యం చెప్పే మనిషి ఒకరున్నారు. రష్యా డాక్టర్ వలేరి పొల్యకోవ్ మీర్ కేంద్రంలో ఒకే ప్రయాణంలో 437 రోజులు గడిపి 1995 మార్చిలో దిగారు. క్యాప్సూల్ నుంచి పక్కనున్న కుర్చీదాకా తనే నడిచారు. అన్ని నెలల తర్వాత కూడా మనిషి అంగారకుడి మీద దిగి పనిచేయగలడని చూపించడమే ఆయన ఉద్దేశం. ఆ నాలుగడుగుల వెనక 437 రోజుల క్రమశిక్షణ ఉంది.

మరి మనకి?

మనం ఎవరం అంగారకుడికి టికెట్ కొనుక్కోలేదు. అయినా ఈ కథంతా మన వయసుకి చాలా దగ్గరిది. ఎముక నిల్వ పెరిగేది ఇంచుమించు ఇరవైల చివరిదాకానే. ఆ తర్వాత ఉన్నదాన్ని కాపాడుకోవడమే. ఆడవాళ్లకి నెలసరి ఆగిపోయాక అది వేగంగా తగ్గుతుంది. మన అమ్మమ్మలు బాత్‌రూమ్‌లో జారితే తుంటి ఎముక విరగడం వెనక ఉన్నది ఇదే. అంటే ఇప్పుడు, ఈ డిగ్రీ చదివే రోజుల్లో, మనం ఒక బ్యాంకు ఖాతాలో జమ చేసుకుంటున్నాం. లేదా చేసుకోవడం లేదు.

జమ చేయడానికి శూన్యం నింపిన సిలిండర్లు అక్కర్లేదు. మనకి గురుత్వాకర్షణ ఉచితం. నడక, మెట్లు, తాడాట, చెమ్మచెక్క కూడా ఎముకకి బరువు చూపించేవే. కాస్త ఎండ. తిండికొస్తే, మన కోలారు, చింతామణి వైపు ఇళ్లల్లో రోజూ ఉండే రాగిముద్దని హాస్టల్‌కి రాగానే మొహమాటపడి వదిలేస్తున్నాం. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. నువ్వులు, మునగాకు, పెరుగు కూడా ఈ కోవలోవే. కానీ తులూజ్ ఆడవాళ్లు చెప్పింది మర్చిపోకూడదు. తిండి ఒక్కటే చాలదు, కదలాలి.

మొదట అడిగిన ప్రశ్నకి జవాబు ఇప్పుడు చిన్నదే. సునీతని స్ట్రెచర్ ఎక్కించింది జాగ్రత్త కోసం. ఆ తర్వాత ఆవిడని వారాల వ్యవధిలో మామూలు నడకకి తెచ్చింది మాత్రం పైన రోజూ పట్టీలు కట్టుకుని చేసిన ఆ రెండున్నర గంటలు. అక్కడ ఆరోగ్యం అంటే ఎప్పుడో ఒకసారి సంపాదించి దాచుకునేది కాదు, ప్రతిరోజూ చేసే డ్యూటీ. ఇక్కడా అంతే.

జువాలజీ, ఫిజిక్స్ చదివే స్నేహితులకి ఇందులో ఇంకా చెప్పాల్సింది కనిపిస్తే ఒక కాగితం మీద రాసి మన డిపార్ట్‌మెంట్ పెట్టెలో వేయండి. వచ్చే నెల గోడపత్రికలో దీని పక్కనే అంటిద్దాం. అన్నట్టు, మన డిపార్ట్‌మెంట్‌కి రావడానికి లిఫ్ట్ పక్కనే మెట్లు కూడా ఉన్నాయి!